మిస్ బెయిలీ తాడు

కూచో అబ్రిల్. ముందు ఆ ఫోన్ సరిగ్గా పెట్టుందో లేదో చూడు. ఎత్తి చూడకే తల్లీ, ఆ కాస్తలోనే ఫోన్ వస్తే? ఊరికే కళ్లతో చూడు. పెట్టే ఉందా? మరింకా మోగదేం? పొద్దున భూమి కదిలినప్పుడు నువ్వింకా పళ్లు తోముకుంటున్నావు. చిన్నదేలే, గ్లాసులు గలగలమన్నాయంతే. ఈ సాన్ సల్వదోర్‌లో అదీ ఒక కదలికేనా, ఊయలల లోయ అని పెద్దవాళ్లు ఊరికే పేరు పెట్టారా? నా భయం దాని గురించి కాదు. నన్నలా చూడకు. ఇందాక నేను ఫోన్‌లో మగగొంతుతో మాట్లాడుతుంటే తలుపు దగ్గర నించుని విన్నావు, నాకు తెలుసు. "అత్తకి మతి చలించింది నాన్నా, ఆ పాత ఫోన్ పీకించేసి డాక్టరుకి చూపిద్దాం" అని చెప్పేద్దామనేగా? చెప్పుకో. కానీ ముందు విను. అది నా గొంతు కాదు. ఎలియాస్ గొంతు.

ఎలియాస్ అంటే మా స్కూల్లో నా వెనకాల పిల్లాడు. వెనక బెంచీ కాదే, తాడు మీద వెనకాల. మాది ఇంటర్నేషనల్ స్కూలు అని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాంగానీ, అప్పుడు రేకుల కప్పు, వానొస్తే పాఠం వినపడి చచ్చేది కాదు. కాఫీ ఎగుమతి చేసే జర్మన్ల పిల్లలు, రాయబారుల పిల్లలు, పాలస్తీనా నుంచొచ్చి బట్టల కొట్లు పెట్టుకున్నవాళ్ల పిల్లలు, నాలాంటి ఊరివాళ్లు ఒకరిద్దరు. ఎలియాస్ వాళ్లది ఊరి నడిబొడ్డున, సెంట్రోలో బట్టల కొట్టు. "మూడు భాషలు నేర్పారు మనకి, మూడింట్లోనూ అబద్ధాలాడ్డానికి" అనేవాడు. ఆ విద్యకి వాడికి ఒక్క భాష చాలు. సరే, ఏం చెప్తున్నాను... తాడు. బెలీజ్ నుంచొచ్చిన మిస్ బెయిలీ అని ఒకావిడ ఉండేది, ఇంత లావు, గొంతు చర్చి గంట. భూకంపం వస్తే పిల్లలు చెల్లాచెదురైపోతారని ముడులేసిన ఒక పొడుగాటి తాడు పెట్టింది. తలా ఒక ముడి పట్టుకుని మైదానంలోకి నడవాలి. వెనక్కి తిరిగి, కళ్లారా చూసి, "మిస్, నా వెనకాల ఎలియాస్ ఉన్నాడు!" అని అరవాలి. వాడు "నా వెనకాల గుడ్రూన్ ఉంది!" అనాలి. చూడకుండా అరిచామో, చెవి మెలిపెట్టేసేది. తాడు రెండు కొసలూ కట్టేసి గుండ్రంగా నిలబెట్టేది. "చివర అంటూ ఎవరూ ఉండకూడదు పిల్లలూ, చివరున్నవాళ్లనే లోకం మర్చిపోతుంది" అనేది. ఎలియాస్ గాడు ముడి వదిలేసి మామిడికాయల కోసం పారిపోయేవాడు. వెనక్కి తిరిగితే ఖాళీ ముడి! అయినా ఉన్నాడనే అరిచేసేదాన్ని. నా చెవులు వాడి మూలానే ఇంత సాగాయి, చూడు.

మోగిందా? కాదా... పక్కింటివాళ్లదా. సరే.

చదువులైపోయాక కూడా ఆ తాడు వదల్లేదే మేము. ఏటా నవంబరులో ఆఖరి శనివారం గుడ్రూన్ ఇంట్లో కలిసేవాళ్లం. తలలు నెరిసినవాళ్లు స్కూలు పాట పాడుతూ ఏడవడం, పుపూసా రొట్టెల కోసం కొట్టుకోవడం, నువ్వు చూస్తే నవ్వి చస్తావు. భూమి కదిలిందంటే మాత్రం తాడు తాడే. ఎవరి వెనకాల ఎవరో వాళ్లకి ఫోన్ చెయ్యాలి. ముందున్నవాళ్లకి చెయ్యకూడదు, వాళ్లు మనల్ని చూడాలి, మనం మన వెనక చూడాలి. ఇక్కడ అంతర్యుద్ధం మొదలయ్యాక ఒక్కొక్కరూ మయామీ అని, హాంబుర్గ్ అని వెళ్లిపోయారు. ఊళ్లో ముగ్గురం మిగిలాం. నా వెనకాల ఎలియాస్, వాడి వెనకాల గుడ్రూన్, గుడ్రూన్ వెనకాల మళ్లీ నేను. వాడు గుడ్రూన్‌కి ఫోన్ చేస్తే మంచీమర్యాదా ఏమీ లేకుండా, "ఏమే జర్మనీ కోడిపెట్టా, గూడు కూలిందా, గుడ్డు పగిలిందా?" అనేవాడు. "గూడూ ఉంది, గుడ్డూ ఉంది, పెట్టేయ్‌రా గాడిదా" అనేది అది. అంతే. ఇంకో మాట ఉండేది కాదు.

ఎనభై ఆరులో ఆ పెద్దది వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ. నిలబడ్డ ఇళ్లు నిలబడ్డట్టే కూలాయి. ఫోన్లన్నీ చచ్చాయి. ఫోన్ లేకపోతే కాళ్లతో వెళ్లాలి, అదీ మా రూలే. నేను చెప్పులు కూడా లేకుండా సెంట్రోకి పరిగెత్తాను. వాడి కొట్టు ముందు గోడ పడిపోయింది, తానులన్నీ వీధిలో పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య కూచుని గుమాస్తా ఏడుస్తున్నాడు. "ఎలియాస్ ఏడయ్యా?" అంటే, "అయ్యగారికేం కాలేదమ్మా, జర్మన్ అమ్మగారిని చూడ్డానికి నడిచెళ్లారు" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది నాకు. మామిడికాయల దొంగ, ముడి పట్టుకున్నాడే చివరికి అనుకున్నాను. ఇంటికొచ్చి కూచున్నాను, ఇదిగో ఇలాగే. పొద్దుగూకే వేళకి గుడ్రూన్ వచ్చింది, ఒళ్లంతా సున్నం. "ఎలియాస్ వచ్చాడు, గేటు బయటి నుంచే కోడిపెట్టా అని అరిచాడు, ఉన్నాడు. నేనూ ఉన్నాను. నువ్వున్నావా?" అంది. ఉన్నానన్నాను. ఇద్దరం కావలించుకుని నవ్వామే! మర్నాడు తెలిసింది. వాడు తిరిగి కొట్టుకి వెళ్తుంటే మళ్లీ కదిలింది కదా, అప్పుడు దారిలో ఒక గోడ వాడి మీద పడింది. మేం నవ్వుకునే వేళకే వాడు లేడు.

ఆ తర్వాత మొదటిసారి భూమి కదిలినప్పుడు ఫోన్ ఎత్తి వాడి నంబరు సగం తిప్పి ఆగిపోయాను. నా వెనకాల ఖాళీ ముడి. ఇక అక్కడ గుడ్రూన్ ఫోన్ ముందు కూచుని ఉంటుంది, దాన్ని చూసేవాడు లేడు. దానికి చేశాను. ఏం మాట్లాడాలో తెలీలేదు. నోట్లోంచి వాడి గొంతే వచ్చింది, ఒట్టు. "ఏమే జర్మనీ కోడిపెట్టా, గూడు కూలిందా..." అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు. తర్వాత, "గూడూ ఉంది, గుడ్డూ ఉంది, పెట్టేయ్‌రా గాడిదా" అని పెట్టేసింది. వెంటనే నాకు ఫోన్. "ఒఫేలియా, ఉన్నావా?" అంది, ఏమీ ఎరగనట్టు. అప్పట్నుంచీ ఇదే. భూమి కదిలినప్పుడల్లా ముందు వాడిలా నేను దానికి చేస్తాను, వెంటనే తనలాగే అది నాకు చేస్తుంది. దీని గురించి మేమిద్దరం ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు.

ఇవాళ కూడా చేశాను కదా, నువ్వు విన్నావు. కోడిపెట్టా అన్నాను. అది గాడిదా అనలేదే. "ఎలియాస్, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావురా, మీ అమ్మ వెతుకుతోంది" అంది. చిన్నపిల్లలా ఏడ్చింది. దాని మతి ఈమధ్య కొంచెం అటూఇటూ అవుతోందని దాని కూతురు చెప్తూనే ఉంది, నేనే వినిపించుకోలేదు. ఇప్పుడది నాకు చెయ్యాలి. చేస్తే గుర్తున్నట్టు. నువ్వే చెయ్యొచ్చుగా అంటావు... చేస్తే, "ఎవరండీ మీరు?" అంటే? దాని వెనకాల ఎవరున్నారో అదే మర్చిపోతే, ఇక తాడు మీద నేను లేనట్టేగా. అంతకంటే ఇలా ఎదురుచూడ్డమే నయం. ఆ కాఫీ అలా పక్కన పెట్టు, తర్వాత తాగుతా...

మోగింది. మోగిందే! ఆగు, నేనే ఎత్తుతా. హలో... ఆ, గుడ్రూన్. నేనే... ఆ, ఒఫేలియానే. ఉన్నాను, ఉన్నాను. నువ్వు?... హమ్మయ్య... ఏంటీ? ఎలియాసా? పొద్దున చేశాడా నీకు... మళ్లీ పారిపోయాడనుకున్నావా... ఏడవకే పిచ్చిదానా. ఎక్కడికి పోతాడు. ఇక్కడే ఉన్నాడు. ఆ, చూశాను, వెనక్కి తిరిగి కళ్లారా చూశాను. నా వెనకాలే ఉన్నాడు... ఆ. పెట్టేయ్.

ఏంటే ఆ చూపు? మిస్ బెయిలీ ఉంటే ఈపాటికి నా చెవి తెగి చేతిలో ఉండేది. వెళ్లు, ఆ కాఫీ చల్లారిపోయింది, వేడిచేసి పట్రా.