పాచికల ఆట ఫైలు

అలెప్పోలో ఫోన్లు బాగుచేసే కొట్టది. ఫోను నిండిపోయి మనవరాలి ఫొటో ఒక్కటీ తీయలేకపోతున్నానని వచ్చింది ఓ పెద్దావిడ. కొట్టు నడిపే అమ్మాయి లోపలంతా వెతికి చూసింది.

"పిన్నీ, ఇవన్నీ యాప్‌లు ఎక్కించాక మిగిలిపోయిన ఫైళ్లు. తీసేసినా యాప్‌లు పోవు. టీవీ ఇంట్లోకొచ్చాక దాని అట్టపెట్టె ఎందుకు?"

"మా టీవీ పెట్టె ఇంకా అటక మీదే ఉంది తల్లీ."

"ఒక్క వాట్సాప్‌వే తొమ్మిది పెట్టెలున్నాయి."

"ఈ నెట్‌తో కొత్తగా దింపుకోవడమంటే మాటలా? మా బిల్డింగు వాళ్లంతా నా ఫోన్లోంచే ఎక్కించుకుంటారు. సరే, తీసెయ్. ఆ పాచికల ఆటది మాత్రం ఉంచు."

"అన్నిటికన్నా పెద్దది అదే. పైగా పదకొండుసార్లు పంపారు, అన్నీ ఒకే ఫోనుకి."

"పై అంతస్తు అబూ నజీర్. పాపం, వారం తిరిగేసరికి ఆయన ఫోన్లో ఆట చెరిగిపోతుందట. శుక్రవారం నమాజు కాగానే వస్తాడు. అది ఎక్కేలోపు ఓ కాఫీ తాగుతాడు."

"ఆయన ఫోను మొన్న నేనే చూశాను పిన్నీ. దానికే రోగమూ లేదు."

ఆవిడకు చెవులు వెచ్చబడ్డాయి. తలగుడ్డ అంచు సర్దుకుంది.

"ఆ మాట ఆయనతో అన్నావా?"

"అనలేదు."

"అనకు."

అమ్మాయి మిగతావన్నీ తీసేసి ఫోను చేతికిచ్చింది.

"ఫొటోలకు బోలెడు చోటొచ్చింది. ఆట ఎక్కడికీ పోలేదు. రేపు శుక్రవారం కదా, కాఫీలోకి యాలకులున్నాయా?"