రాంప్రసాద్ ఎంపీసీ బుక్కుల మూట

హన్మకొండ సుబేదారిలో ఇమాం పాషా చాయ్ హోటల్‌ను ఆనుకొనే నా జిరాక్స్ షాపు. కాబట్టి మోటర్ల రాంప్రసాద్ కొట్టే కోతలన్నీ మిషన్ చప్పుడుతో కలిపి రోజూ నా చెవిన పడుతుంటాయి. ఆ రోజు మాత్రం మిషన్ ఆపేసి, బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఎందుకంటే ఆ రోజు ఆయన చేతిలో ఒక పిల్ల భవిష్యత్తు ఉంది.

పాషా బిడ్డ ఐమన్ పది పాసైంది. సోషల్‌లో తొంభై ఆరు, లెక్కల్లో నలభై ఒకటి. సర్కారు కాలేజీలో ఇంటర్ అప్లికేషన్లకు అదే ఆఖరు రోజు, ఆఫీసు నాలుగింటికి మూస్తారు, అప్పటికే మూడు దాటింది. ఫారంలో అన్నీ నింపారు. గ్రూపు అన్న గడి, దాని కింద తండ్రి సంతకం, ఈ రెండే మిగిలాయి. పక్కనున్న కోర్టు నుంచి చాయ్‌కి వచ్చే నల్లకోట్లను చిన్నప్పటి నుంచి చూసిన పిల్ల, సీఈసీ తీసుకొని వకీలునవుతానని వారం రోజులుగా అంటోంది. పాషాకు ధైర్యం చాల్లేదు. ఊరంతా ఎంపీసీ అంటుంటే తన బిడ్డ ఒక్కతే వెనకబడిపోతుందని ఆయన భయం. ఫారమూ పెన్నూ తెచ్చి రాంప్రసాద్ చేతిలో పెట్టి, "అన్నా, నువ్వు ఏది రాస్తే అది" అన్నాడు.

రాంప్రసాద్‌ది ఎదురుగానే మోటర్ వైండింగ్ షాపు. పొద్దున్నే తన పాత ఎంపీసీ బుక్కుల్ని రాగితీగతో మూటకట్టి తెచ్చి ఐమన్‌కు బహుమానంగా ఇచ్చాడు. పిల్ల మొహం మాడ్చుకొని ఆ మూట ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పక్కన ఆకుకూరల గంప ముందు భద్రమ్మ. ఇక రాంప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"సూడు పాషా భాయ్, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, గది మీకందరికి ఎర్కే. ఎనిమిదేండ్ల కింద ములుగు అవుతల నుంచి సారంగపాణి అనే రైతు కాలిన మోటర్ జీపుల ఏసుకొని వచ్చిండు, ఎంబడి కొడుకు హరికృష్ణ, పది పాసైండు గని మొఖం మాత్రం ఫెయిలైనోని లెక్కనే ఉన్నది. ఏందిరా అంటే లెక్కలంటే భయం, బైపీసీ తీసుకుంట అన్నడు. నేనేమనలే. మోటర్ ఇప్పి, తీగ చుట్ట బయటికి తీసి, ఇండ్ల ఎన్ని చుట్లుంటయిరా అన్న. పోరడు గట్ల సూసి నలభై ఎనిమిది అన్నడు. లెక్కవెడితే కరెక్టుగ నలభై ఎనిమిది. నువ్వు ఎంపీసీరా బిడ్డా అని నా బుక్కులిచ్చి పంపిన. ఇప్పుడు ఇంజనీరు వాడు."

"గింతవరకు మంచిగనే ఉన్నది" అంది భద్రమ్మ, తోటకూర కట్ట మీద నీళ్లు చల్లుతూ.

"ఇగ ఇను పెద్దమ్మా. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? వారం తిరగకముందే ములుగు నుంచి ఒక జీపు నిండ పిల్లలు. తెల్లారి రెండు జీపులు. గా తర్వాత స్పెషల్ బస్సే ఏసిండ్రు, ముందల బోర్డు మీద ఊరి పేరు లేదు, రాంప్రసాద్ మోటర్ షాపు అని రాసున్నది. మా షాపు కాడి నుంచి హన్మకొండ చౌరస్తా దాక లైను. నేను మోటర్ తెచ్చినోళ్ల పిల్లలనే సూస్తనని ఒక రూల్ పెట్టిన, లేకుంటే నా ధందా ఏంగావాలె? రూల్ పెట్టుడే తప్పయింది. మంచిగున్న మోటర్లను గూడ కావాలని కాల్చుకొని తెచ్చుడు షురూ జేసిండ్రు. ఆ ఏడాది మన జిల్లాల బాయిల కాడ ఒక్క మోటర్ బతికి లేదు."

"మరి పంటలు?" అన్నాను నేను.

"పంటలకేంది? లైన్ల నిలబడ్డోళ్ల చెమటతోని రోడ్డు పక్క మడి పారింది, నేను కండ్లార సూసిన. నువ్వు మధ్యల అడ్డం రాకే తమ్మీ, జర ఇననియ్యి. గంతమందికి ఒక్కొక్కని మోటర్ ఇప్పి అడగాల్నంటే అయితదా? అందుకని స్పీడు పెంచిన. ముందుగాల మొఖం సూసి గ్రూపు చెప్పేటోన్ని. తర్వాత నీడ సూసి చెప్పిన. ఆఖరికి చెప్పుల చప్పుడు ఇని, తలకాయ ఎత్తకుంటనే, ఎంపీసీ, ఎంపీసీ, ఎంపీసీ అని చెప్పుకుంట పోయిన. ఒకసారి పిల్లగాని ఎన్కనుంచి వాని తండ్రి వచ్చిండు, ఆయనకు గూడ ఎంపీసీ చెప్పిన, యాభై ఏండ్లకు పోయి చేరిండు, పాసైండు."

పాషా నోరు తెరుచుకొని వింటున్నాడు. పాలు పొంగబోతే నేనే లేచి స్టవ్ తగ్గించాల్సి వచ్చింది. "అందరికి ఎంపీసీయేనా అన్నా?" అన్నాడు నమ్మకంగా.

"వేరేది ఎట్ల చెప్తనే? బుక్కులు ఒక్క సెట్టే ఉన్నయి కద. గివే బుక్కులు, ఇప్పుడు పిల్ల ఒళ్లె ఉన్నయే, గివే. హరికృష్ణ సదివి పక్కింటోనికి ఇచ్చిండు, వాడు వాని బామ్మర్దికిచ్చిండు, నలభై మంది ఇంజనీర్లు బయటికొచ్చిండ్రు గీ బుక్కులల్ల నుంచి. సదువుడు గూడ అక్కరలేదు. ఒక పోరడు బుక్కు నెత్తికింద పెట్టుకొని పండుకున్నడు, తెల్లారెటాళ్లకు దిండు మీద ఆన్సర్లు అచ్చుపడి ఉన్నయి. ములుగుల ఒకని మేక వచ్చి కాల్‌కులస్‌ల రెండు పేజీలు తిన్నది. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? మంద మొత్తం పొట్టిది ముందట, పొడుగుది ఎన్క, సైజు ప్రకారం లైన్ కట్టుడు షురూ. దాని పాలు తాగిన పిల్లలు ఇరవయ్యో ఎక్కం దాక ఊపిరి ఆపకుంట చెప్తాన్నరు."

"ఆ మేకకు ఎన్ని మార్కులొచ్చినయి ప్రసాదూ?" అని అడిగింది భద్రమ్మ.

"పరీక్షకు రానియ్యలే పెద్దమ్మా, హాల్ టికెట్ మీద ఫోటో సరిగ్గ పడలేదన్నరు. లేకుంటే ఫస్టు క్లాసు."

నవ్వులు ఆగాక గడియారం చూశాను. మూడున్నర. ఐమన్ కూడా చూసింది. కోపమంతా ఆ రాగితీగ మీద చూపిస్తూ, ముడి విప్పడం మొదలుపెట్టింది.

"అసలు ముచ్చట ఇప్పుడు వస్తాంది. మేడారం జాతరకు బుక్కులు భుజాన ఏసుకొని పోయిన, ఇంటికాడ పెడితే ఎత్తుకపోతరని. ఆడ ఒకాయిన కొడుకుని కాంటాల కూసోబెట్టి, ఎత్తు బెల్లం, ఆడ దాన్నే బంగారం అంటరు, మొక్కు చెల్లిస్తాండు. పిల్లగాడు దిగిండు. నాకు భుజం గుంజుతాందని ఖాళీగున్న పళ్లెంల బుక్కులు పెట్టిన. దన్నుమని కిందికి దిగింది. ఇంకో పక్క పదిహేను ముద్దల బెల్లం ఏసిండ్రు, లేవలే. యాభై ఏసిండ్రు, లేవలే. దుకాణం దుకాణమే గుమ్మరించిండ్రు, బుక్కులు జెర్రంత గూడ కదలలే. ఆఖరికి బెల్లం లారీనే డ్రైవర్‌తో సహ పళ్లెంలకు ఎక్కించిండ్రు. ఏమైందో ఎర్కనా? లారీ గాలిల ఏలాడుతాంది, డ్రైవర్ హారన్ కొడుతాండు, నా బుక్కులు నేల మీద నిమ్మళంగ కూసున్నయి."

"యా అల్లా" అన్నాడు పాషా.

"లక్షల మంది సూసిండ్రు భాయ్. ఇగ జనం ఆగుతరా? ఆ ఏడు వరంగల్‌ల ఎంపీసీ తప్ప ఇంకో గ్రూపు లేదు. మిగిలిన గ్రూపుల సార్లు ఖాళీ బెంచీలకు అటెండెన్స్ తీసుకున్నరు. బైపీసీల ఎవ్వలు చేరకపోయేసరికి, ఇగ డాక్టర్లు రారు అని తెలిసి రెండేండ్లు జరాలు గూడ రాలే. దవాఖానల మంచాలు ఎండకేసిండ్రు. ఆఖరికి హైదరాబాద్ నుంచి ఒక పెద్దాఫీసర్ హెలికాప్టర్‌ల వచ్చి, మా షాపు మీదనే ఆపి, తాడు పట్టుకొని దిగి, రాంప్రసాద్ గారూ, ఒక్క పదిమందినన్న వేరే గ్రూపులకు ఇడువుండ్రి, మీ కాళ్లు మొక్కుత అన్నడు. సూస్త అన్న."

రాంప్రసాద్ చాయ్ చివరి గుక్క తాగి, పెన్ను క్యాపు తీశాడు. ఫారం మోకాలి మీద సాపు చేసుకున్నాడు. "అందుకని భాయ్, నీకు ఏం ఫికర్ వద్దు. రాస్తాన్న. ఎం..."

"ప్రసాద్ కాకా," అంది ఐమన్. "నలభై మంది సదివిన బుక్కులు గింత కొత్తగ ఎట్లున్నయి?"

మూట విప్పేసి ఉంది. లెక్కల బుక్కు తెరిచి మా అందరికీ చూపించింది. మొదటి పాఠంలో గీతలు, చెమట మరకలు, పక్కన కొట్టివేతలు. రెండో పాఠం సగం వరకు గీతలు. అక్కడి నుంచి చివరి వరకు పేజీలు ప్రెస్సులో నుంచి వచ్చినట్టే ఉన్నాయి. కాల్‌కులస్ బుక్కులో మేక తిన్న పేజీలు రెండూ ఉన్నాయి. నేను నవ్వబోయాను. అంతలో రెండో పాఠం మధ్యలో నుంచి మడత పెట్టిన కాగితం ఒకటి జారింది. పిల్ల తీసి పైకి చదివింది.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, నేను ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుచున్నాను. మా నాన్నగారు చెప్పినందున ఈ గ్రూపు తీసుకొంటిని. నాలుగు నెలలైనను లెక్కలు నాకు అర్థమగుట లేదు. క్లాసులో కూర్చున్నచో కడుపులో నొప్పి వచ్చుచున్నది. నాకు చరిత్ర అనిన చాలా ఇష్టము. కావున నన్ను హెచ్ఈసీకి మార్చగలరని వేడుకొనుచున్నాను. ఇట్లు తమ విధేయుడు, రాంప్రసాద్."

కింది వరుస కూడా చదివింది. "తండ్రి సంతకం. గీడ ఖాళీ ఉన్నది కాకా."

నవ్వబోయినందుకు నాకు సిగ్గేసింది. రాంప్రసాద్ పెన్ను క్యాపు పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు.

"మూడు నెలలు జేబుల పెట్టుకొని తిరిగిన" అన్నాడు చివరికి. "బాపు సంతకం పెట్టలే. మందిల ఇజ్జత్ పోతదన్నడు. ఇంటర్ ఫెయిలైన, మోటర్లు చుట్టుడు నేర్చుకున్న."

"మరి హరికృష్ణ?" అన్నాను.

"మోటర్ తీసుకపోయిండ్రు. బుక్కులు తీసుకపోలే. జీపుల జాగ లేదన్నరు." విప్పిన రాగితీగను తీసి వేలికి చుట్టుకుంటూ అన్నాడు. "ఎవ్వలు తీసుకపోలే తమ్మీ. ఎంతమందికి ఇయ్యబోయిన్నో."

పాషా చేతులు తువ్వాలకు తుడుచుకొని వచ్చాడు. రాంప్రసాద్ మోకాలి మీది ఫారం తీసుకున్నాడు, పెన్ను తీసుకున్నాడు. ఖాళీగానే ఉన్న గ్రూపు గడి వంక చూడను కూడా చూడలేదు. కింద తండ్రి సంతకం అన్న చోట వంకరటింకరగా తన పేరు రాసి, ఫారం బిడ్డకిచ్చాడు.

"గ్రూపు నువ్వే రాసుకో బేటా. స్కూటర్ తీస్తాన్న, జల్ది రా."

ఐమన్ ఫారం బెంచీ మీదే పెట్టి సీఈసీ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. గడిలో పట్టక అంచు దాటింది. మూడూ నలభై ఐదుకి స్కూటర్ సందు మలుపు తిరిగింది. మాకు చాయ్ పోసేవాడు లేడు, అయినా ఎవరమూ కదల్లేదు.

రాంప్రసాద్ ఆ ఉత్తరాన్ని పాత మడతల మీదే మడవబోతుంటే భద్రమ్మ చెయ్యి పట్టి ఆపింది. కాగితం తన వైపు తిప్పుకొని, కింద ఖాళీగా ఉన్న చోటును వేలితో తడిమి చూసింది.

"తమ్మీ, నీ షాపుల ఇంకు డబ్బా ఉంటది కద, తే" అంది నాతో. ఆ తర్వాత ఆయన వైపు తిరిగింది. "నాకు సంతకం రాదు ప్రసాదూ. వేలిముద్ర నడుస్తదా?"

రాంప్రసాద్ ఉత్తరం మడతల్ని అరచేత్తో సాపు చేసి, బెంచీ మీద ఆమె ముందు పరిచాడు.

"నడుస్తది పెద్దమ్మా" అన్నాడు.