అటుగా పోతున్న లారీ

ఏవిటే ఝానెత్, పొద్దుట్నుంచీ ఆ ఫోను చూసుకుని మొహం గంటు పెట్టుకుని కూచున్నావు? చదువు, నేనూ వింటాను. ఆఁ? ఊపిరాడలేదని రాశాడా? చలి అని, దుప్పట్లు బరువని, మెట్లెక్కితే గుండె దడదడలాడిందని, దానికి మీ హోటలుకి ఒక్కటే నక్షత్రమా? ఊపిరాడకపోతే మీ హోటలేం చేస్తుందే! మన పొతోసి ఊరు అంత ఎత్తున కట్టింది వెండి కోసం, వీళ్ళ ఊపిరి కోసం కాదు. అది సరే, దానికి ఏడుపెందుకు? ముక్కు తుడుచుకో. ఆ రాసినవాడికి నీ పేరైనా తెలీదు. మా కసిమీరక్క గురించి ఒకడు రాసింది వింటే నువ్వా ఫోను కిటికీలోంచి విసిరి పారేస్తావు. నువ్వెరగవులే, నువ్వు పుట్టేనాటికే పోయింది.

సాన్ లొరెన్సో బజారు వెనక సందులో ఉండేది ఆవిడ బస. ఇప్పుడక్కడ మందుల షాపు పెట్టారు చూడూ, అదే. ఆరు గదులు, మధ్యన వాకిలి, మూల వంటిల్లు. ఆ వంటిల్లు నాది. పంతొమ్మిదేళ్ళు వండాను అక్కడ. మొగుడు సెఫెరీనో గని దుమ్ము మింగి మింగి నలభై నిండకుండానే పోతే, ఆ ఆరు గదులూ పట్టుకుని ఒక్కతే నెగ్గుకొచ్చింది. మనిషా, ఇంత వెడల్పు. రెండు జడలు, నెత్తిన టోపీ, ఆ టోపీ ఒక్కనాడు వంకర పోలేదు. గొంతు విప్పిందంటే మూడు వీధులవతల కుక్కలు సర్దుకునేవి. కిందినుంచొచ్చిన వాళ్ళెవరైనా సరే ఆవిడ దగ్గర ఒకటే చట్టం. మొదటిరోజు మంచం, రెండోరోజు బజారు, మూడోరోజు కొండ. మాట వినడని అనుమానమొస్తే వాడి బూట్లు పట్టుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసేసేది. నవ్వకు, నిజంగానే! ఎంతమంది దొరలు మేజోళ్ళతో మా వాకిట్లో తిరిగారో. తిట్టుకునేవాళ్ళు. మూడోరోజుకి వాళ్ళే వచ్చి చేతులు పట్టుకునేవాళ్ళు.

ఏం చెప్తున్నాను? ఆఁ, ఆ మహానుభావుడు. ఆన్సెల్మ్ అని పేరు. ఇంత పొడుగు, గడ్డం మొక్కజొన్న పీచులా ఉండేది. ప్రయాణాల పుస్తకాలు రాస్తాట్ట. ఏ ఊళ్ళో ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ తినకూడదు, అవన్నీ. సాన్ బార్తొలోమె పండక్కి రెండ్రోజులుందనగా దిగాడు. ఆ యేడు మా మేళానికి పెత్తనం కసిమీరక్కది. పెత్తనమంటే నీకు తెలుసుగా, ఊరికే రాదు. పన్నెండేళ్ళు కాసుకుంది. సెఫెరీనో మొక్కుకున్నాడు, మేళం ముందు నేనే జెండా పట్టి గుడిదాకా ఆడుతూ నడుస్తానని. ఆయన పోయాడు, మొక్కు ఈవిడకి మిగిలింది. యేడాదిపాటు కుట్టించింది ఆ పావడా. అంచు పొడుగునా వెండి తీగ. ఎత్తితే నా రెండు చేతులూ లాగేసేవి.

సరే, వచ్చాడా. అక్క మామూలుగానే అంది, "నాయనా, ఇవాళ పడుకో. కోకా ఆకు కషాయం పంపిస్తాను, కొంచెం సూపు తాగు, తల ఎత్తున పెట్టుకుని పడుకో" అని. వాడు పళ్ళన్నీ బైటపెట్టి, "సెన్యోరా, నేను మా దేశంలో కొండలెక్కేవాణ్ణి" అన్నాడు. "మీ కొండలకి నువ్వు తెలుసేమో, ఈ కొండకి తెలీదు బాబూ" అంది. బూట్లు తీసుకుందామంటే వాడు విప్పితేనా! వాటితోనే పక్క మీద వాలినట్టు వాలి, అక్క బజారుకెళ్ళగానే వెళ్ళిపోయాడు. కొండెక్కాడు, గనిలో దూరాడు, అక్కడివాళ్ళు ఇచ్చిన సారా తాగాడు. సాయంత్రం తూలుకుంటూ వచ్చి, వద్దు మొర్రో అంటుంటే వినకుండా చన్నీళ్ళు కుమ్మరించుకున్నాడు. ఆగస్టు చలిలో! ఇక్కడ!

తెల్లారి నేను వేణ్ణీళ్ళు పట్టుకెళ్తే, ఏముంది, పెదాలు నీలం. గొంతులో నీళ్ళు మరుగుతున్నట్టు గుడగుడ. ఉమ్మిలో గులాబీరంగు నురగ. అక్క ముసలి డాక్టరుగారిని దాదాపు ఎత్తుకొచ్చినంత పని చేసింది. ఆయన ఛాతీకి చెవి ఆనించి చూసి, "దీనికి నా సంచీలో మందు లేదు కసిమీరా. కిందికి దింపడమే మందు. మధ్యాహ్నందాకా ఇక్కడే ఉంచావంటే శవపేటికకి చెప్పుకో" అని వెళ్ళిపోయాడు. దింపడమంటే ఎలా? ఆ రోజు రైల్లేదు. పండగ ముందురోజు లారీలన్నీ పైకే వస్తాయి గానీ కిందికి పోయేదెవడు? ఒక్కడు దొరికాడు, తియోదోసియో అని, సూక్రెకి ఖాళీ సీసాల పెట్టెలు వేసుకుపోతున్నాడు. వాడేమన్నాడంటే, "చచ్చిపోతున్న గ్రింగో దొరని నా బండెక్కిస్తావా దోన్యా? దార్లో గుటుక్కుమంటే పోలీసులు నన్ను తోలు వలుస్తారు" అని, బండి స్టార్టు చేసేశాడు.

నేనక్కడే ఉన్నాను ఝానెత్. నా కళ్ళతో చూశాను. కసిమీరక్క బండి ముందుకెళ్ళి నడిరోడ్డు మీద చతికిలబడింది. అన్ని పావడాలూ చుట్టూ పరుచుకుని, మార్కెట్లో కూరలమ్ముకునేదానిలా స్థిమితంగా కూచుంది. వాడు హారన్ కొట్టాడు. కదల్లేదు. ఇంజనుని గుర్రుగుర్రుమనిపిస్తూ చక్రం ఆవిడ మోకాళ్ళదాకా తెచ్చాడు. కదల్లేదు. "దిగి తన్నమంటావా నిన్ను?" అని అరిచాడు. "తన్ను. తన్నాక వాణ్ణి ఎక్కించు" అంది. జనం పోగయ్యారు. ఇంకేం చేస్తాడు, తిట్టుకుంటూ దిగి తనే కాళ్ళవైపు పట్టాడు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వేసి, సీసాల పెట్టెల మధ్య అక్క కూచుంది, వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. "అక్కా, రేపు పండగ, నువ్వెందుకు, ఇంకెవర్నైనా పంపుదాం" అన్నాను. "ఇంకెవరు? నా ఇంటికొచ్చినవాడు" అంది. అంతే, వెళ్ళిపోయింది.

కింద సూక్రెలో మూడ్రోజులు పడున్నాడు. జ్వరంలో అక్క చెయ్యి వదల్లేదట, అమ్మా అమ్మా అని వాళ్ళ భాషలో ఏడ్చాట్ట. గండం గడిచింది. లేచి కూచుని ఈవిడ చేతులు కళ్ళకద్దుకుని, "మీరు లేకపోతే నేను లేను" అన్నాట్ట. ఇక్కడేమో మేళం గుడిముందు నిలబడి నిలబడి, ఆఖరికి ఆడబిడ్డ ప్రిమితీవా జెండా అందుకుంది. ఎలా ఆడిందనుకున్నావు, తన పెళ్ళిలా ఆడింది. అక్క తిరిగొచ్చిందో లేదో వాకిట్లోనే నిలబడి, "మా అన్న మొక్కుకన్నా గ్రింగో ఎక్కువయ్యాడా వదినా?" అని అందరూ వినేలా అంది. అక్క లోపలికెళ్ళి ఆ వెండితీగ పావడా మడతపెట్టి పెట్టె అడుగున పెట్టింది. పెత్తనం మళ్ళీ అడగలేదు. అడిగినా ఇచ్చేవాళ్ళు కాదులే.

పోనీ, మనిషి బతికాడు కదా అనుకున్నాం. రెండేళ్ళు గడిచాయి. ఏమిటో, దిగేవాళ్ళు తగ్గిపోయారు. చేతిలో ఆకుపచ్చ అట్ట పుస్తకం పట్టుకుని మా గుమ్మందాకా వస్తారు, బోర్డు చూస్తారు, పుస్తకం చూస్తారు, నవ్వుకుంటూ అవతలికి పోతారు. ఒకనాడు ఒక పిల్లనాపి ఆ పుస్తకం అడిగి తీసుకుని, అబుందియో మేష్టారి దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయనకి నాలుగు భాషలొచ్చు. కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, "వద్దులే కసిమీరా" అన్నాడు. "చదవండి మేష్టారూ" అంది. చదివాడు. నాకిప్పటికీ అక్షరం అక్షరం గుర్తు. "ఈ బస యజమానురాలు చూడ్డానికి పెద్దమ్మలా ఉంటుంది గానీ మంత్రగత్తె అని నా అనుమానం. ఏదో ఆకు కషాయం తాగించింది, మర్నాటికి నేను చావుబతుకుల్లో పడ్డాను. సూపులో వీధిలో ఏరుకొచ్చిన రాయి వేసి పెడతారు. అదృష్టవశాత్తూ అటుగా పోతున్న లారీ ఒకటి నన్ను కిందికి చేర్చింది. ఈ ఇంటికి దూరంగా ఉండండి."

అటుగా పోతున్న లారీ! విన్నావా! వీధిలో రాయిట! నా కలపుర్క సూపుకి నిప్పుకొండ రాయి నేనే తోమి, నిప్పుల్లో ఎర్రగా కాల్చి, గిన్నెలో వేస్తే కుతకుతా ఉడికేది, ఆ వాసనకి పక్కసందు వాళ్ళు వచ్చేవాళ్ళు. పోనీ, నన్నంటే అన్నాడు. కషాయాన్నంటే అన్నాడు. లారీ అటుగా పోతోందా? ఎవర్రా నువ్వు, నీ తల ఎవరి ఒళ్ళో ఉంది? నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడూ మండుతోంది చూడు. అక్క మాత్రం అడిగింది, "లారీ ముక్క ఇంకోసారి చదవండి మేష్టారూ." మళ్ళీ చదివాడు. "అంతేనా, దాని ముందు ఇంకేం లేదా?" అంది. ఏం లేదు.

ఉత్తరం రాయించింది, జవాబు లేదు. ఇంకొక్క యేడాది పోయాక ఇంకో వింత మొదలైంది. మంత్రగత్తెని చూడాలని రావడం మొదలెట్టారు! దూరంగా ఉండండి అంటే ఉంటారా మనుషులు? కెమెరాలేసుకుని గుంపులుగా. "మంత్రగత్తె ఎవరు? ఆ కషాయం ఇవ్వండి, తాగి చూస్తాం." గదులు మళ్ళీ నిండేలా ఉన్నాయి. నేనూ, ప్రిమితీవా, అందరం చెప్పాం, "పోనిస్తూ, ఒక నల్లశాలువా కప్పుకుని నిలబడు, నీదేం పోయింది, గదులు నిండుతాయి" అని. "నేను మంత్రగత్తెనైతే ఆ లారీని ఊదేసేదాన్ని. రోడ్డు మీద కూచునేదాన్నా?" అంది. ఆ మాట ఎత్తినవాణ్ణి ఎత్తినచోటే నిలబెట్టి గుమ్మం చూపించేది. మంచివాళ్ళని కూచోబెట్టి, పుస్తకంలో ఆ పేజీ తీయించి, జరిగిందంతా చెప్పేది. కొందరు నమ్మేవాళ్ళు. కొందరు బైటికెళ్ళి నవ్వేవాళ్ళు. ఆవిడకదీ తెలుసు.

అయిదో యేడు వాడే వచ్చాడు. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నాట్ట, ఊళ్ళు చూసుకుంటూ వచ్చాడు. పక్కన పెళ్ళాం, బిర్గిత్ అని, సన్నగా, కొత్త ఎత్తుకి రొప్పుతోంది. వాడు చేతులు చాపి "సెన్యోరా!" అని వాటేసుకోబోయాడు. అక్క ఆ పిల్లకి కుర్చీ వేసి, కషాయం తెప్పించి, నన్ను మేష్టారి కోసం పంపింది. ఆయనొచ్చాక దిగినవాళ్ళందర్నీ వాకిట్లోకి పిలిచి, వాడి చేతిలో ఆకుపచ్చ పుస్తకం పెట్టి, "మా భాషలో చదువు" అంది. వాడు నవ్వాడు. "అది సరదాకి రాసింది సెన్యోరా. చదివేవాళ్ళకి కాస్త ఉప్పూ కారం ఉండాలి కదా" అన్నాడు. "ఉప్పూ కారం నా వంటింట్లో ఉన్నాయి, అడిగితే ఇచ్చేదాన్ని. చదువు" అంది. చదివాడు. లారీ దగ్గరికొచ్చేసరికి గబుక్కున దాటేశాడు. "ఒక వాక్యం మింగావు నాయనా" అన్నాడు మేష్టారు. చదివాడు.

"లారీ అటుగా పోతోందా?" అంది అక్క.

వాడు నేల చూశాడు. "లేదు."

"మరి?"

"ఆగింది."

"దానంతటదే ఆగిందా?"

గడ్డం నిమురుకుంటూ అన్నాడు, "మీరు కూచున్నారు. డ్రైవరు తర్వాత నాకు చెప్పాడు." తెలుసు! వాడికి తెలుసు ఝానెత్, తెలిసే రాశాడు! ఆ పెళ్ళాం కషాయం కింద పెట్టి లేచింది. వచ్చీరాని మన భాషలో, "నాక్కూడా అటుగా పోతున్న లారీ అనే చెప్పాడు. పెళ్ళప్పుడు అందరికీ అదే చెప్పాడు" అంది. వచ్చి అక్క కాళ్ళ దగ్గర, ఆ నాపరాళ్ళ మీద, ఊరికే కూచుంది. వాడు మాత్రం చెయ్యెత్తి ఒట్టేశాడు, కొత్త పుస్తకంలో ఉన్నదున్నట్టు రాస్తానని.

కొత్త పుస్తకం వచ్చింది. మేష్టారు తెప్పించాడు. తిప్పాడు, తిప్పాడు, మొదట్నుంచీ చివరిదాకా వెతికాడు. మా సందు ఉంది. ఎదురుగా రొట్టెల కొట్టు ఉంది. మేం లేం. మంత్రగత్తె లేదు, లారీ లేదు, కసిమీర లేదు. ఆ పేజీలో అసలు ఆ ఇల్లే పుట్టలేదు. నేను శాపనార్థాలు పెడుతుంటే అక్క పుస్తకం మూసి, "పోన్లే నికనోరా, అబద్ధమైతే తీసేశాడుగా" అని బంగాళాదుంపలు ఒలవడానికి కూచుంది. నాకైతే ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. నాలుగు చలికాలాలు గడిచాయి, అయిదోది గడవలేదు ఆవిడకి.

ఇంకొకటుంది. ఇది మీ అమ్మమ్మకి కూడా చెప్పలేదు.

అక్క ఆదివారం పూజకెళ్ళేది కదా. ఆ టైములో కెమెరాలవాళ్ళొస్తే నేను పంపించేసేదాన్ని కాదు. నల్లశాలువా కప్పుకునేదాన్ని. రాయి ఎర్రగా కాల్చి పట్టకారుతో పట్టుకుని, గుడ్లురిమి నిలబడేదాన్ని. వాళ్ళు కేరింతలు. "పేరేమిటి, పేరేమిటి" అని అడిగితే "కసిమీర" అనేదాన్ని. ఎన్ని ఆదివారాలో. ఒకసారి పూజ తొందరగా అయిపోయింది. గుమ్మంలో నిలబడి చూసింది. నేను శాలువా తీసే లోపలే మళ్ళీ వీధిలోకి వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఎత్తలేదు ఆ మాట. నేనూ ఎత్తలేదు. వాణ్ణి యాభైయేళ్ళుగా తిడుతున్నాను గానీ, ఆ దేశాల్లో ఎవరింటి గోడ మీదో నా మొహం ఉంటుందే, కింద ఆవిడ పేరుతో.

... ఏవిటలా చూస్తావు? పొయ్యి మీద చునో ఎండుదుంపలు పెట్టి ఎంతసేపైంది? నీళ్ళింకిపోయుంటాయి, లే, వెళ్ళి చూడు.