ఆగండి మేడం దగ్గర మిగిలిన ఆఖరి పంచాయితీ

వేదిక మీద మధ్య కుర్చీలో నిండుగా కూర్చున్న సభాధ్యక్షులు మా హెడ్‌మాస్టారు గారికి, ఆయన పక్కనే కూర్చుని, ఇచ్చిన పూలగుత్తిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని ఇబ్బంది పడుతున్న నేటి సన్మానగ్రహీత మా మేడం గారికి, ముందు వరుసలో కూర్చున్న కమిటీ పెద్దలకు, నా తోటి ఉపాధ్యాయులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, అవసరమైతే పారిపోవడానికి వీలుగా వెనక తలుపు దగ్గర నిలబడ్డ మా పిల్లలకు, అందరికీ నమస్కారం.

మేడం గురించి మాట్లాడమని నన్నెందుకు పిలిచారో నాకు బాగా తెలుసు. ఈ బళ్ళో ఆవిడతో అందరికంటే ఎక్కువ పోట్లాడిన మనిషిని నేనే. సైన్సు మేడం పొగిడితే స్నేహం కొద్దీ పొగిడిందంటారు, డ్రాయింగ్ మాస్టారు పొగిడితే ఆయన అందరినీ పొగుడుతారంటారు, లెక్కల మాస్టారు పొగిడితే మాత్రం ఇందులో ఏదో నిజం ఉండి ఉంటుందని జనం నమ్ముతారని మా హెడ్‌మాస్టారి ఆలోచన. (నవ్వులు) అవునా సార్? తల ఊపుతున్నారు, చూడండి.

కొత్తగా వచ్చిన తల్లిదండ్రుల కోసం మేడం చేసే పని ఏమిటో చెప్పాలి. మన బళ్ళో ఆరో తరగతి దాటగానే పిల్లలు కొన్ని సబ్జెక్టులు తామే ఎంచుకోవాలి. తొమ్మిదిలో మళ్ళీ, పదకొండులో మళ్ళీ. ఏడులో తేలిగ్గా వదిలేసిన సబ్జెక్టు పదకొండులో కావాలంటే దొరకదు, పదకొండులో పట్టుబట్టి తీసుకున్నది ఆ తర్వాత కాలేజీలో దేనికీ అక్కర్లేకపోవచ్చు. ఈ చిక్కుముళ్ళన్నీ ఓపిగ్గా విప్పి, ఏ దారిలో వెళ్తే ఎక్కడ తేలతారో తల్లిదండ్రులకు చెప్పడానికి మెట్ల కింద గదిలో కూర్చునేది మేడం. ఆ గది మీద నుంచే బడి మొత్తం ఎక్కి దిగుతుంది. బెల్లు కొట్టగానే నెత్తిమీద దడదడమని కాళ్ళ చప్పుడు మొదలవుతుంది, ఆవిడ మాట మధ్యలో ఆపి, చప్పుడు అయిపోయాక సరిగ్గా ఆపిన మాట దగ్గర నుంచే మళ్ళీ అందుకుంటారు. కొత్తవాళ్ళు ఆ మధ్యలో భయపడిపోయి, ఏదో చెడ్డ కబురు చెప్పబోతున్నారేమో అనుకుని చెమటలు కక్కేవాళ్ళు.

ఆ గదిలో ఇంకో విచిత్రం కుర్చీలు. పిల్లవాడి కుర్చీ బల్లకి అవతల, మేడం పక్కన ఉంటుంది. అమ్మానాన్నల కుర్చీలు బల్లకి ఇవతల. లోపలికొచ్చి కూర్చోగానే తల్లిదండ్రులకి అర్థమైపోయేది, తమవాడు అవతలి పక్షంలో చేరిపోయాడని.

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు ఆవిడకి తెలీదనుకుంటారు గానీ, తెలుసు. ఆగండి మేడం. (నవ్వులు) ఎందుకంటే తల్లిదండ్రులు నోరు తెరవగానే ఆవిడ అనే మొదటి మాట అదే. ఒకసారి ఏదో పని మీద నేనా గదిలో ఉండగా ఒక బ్యాంకు ఆఫీసరు గారు ఆరో తరగతి కొడుకుని తీసుకొచ్చి, "మావాణ్ణి గుండె డాక్టర్ని చేద్దామనుకుంటున్నామండీ, దానికి తగ్గట్టు ఇప్పట్నుంచే అన్నీ రాసెయ్యండి" అన్నారు.

"ఆగండి. మీవాడు ఏమనుకుంటున్నాడు?"

"వాడికేం తెలుసండీ, చిన్నపిల్లాడు!"

"మరి అంత చిన్నపిల్లాడి చేతికి జనం గుండెలు అప్పజెప్పేస్తున్నారేంటండీ?"

(నవ్వులు, చప్పట్లు) ఆ పిల్లవాణ్ణి నీకేం కావాలిరా అని అడిగితే, మధ్యాహ్నం ఆటల పీరియడు పోకుండా చూడండి మేడం, ఇంకేమైనా ఫర్వాలేదు అన్నాడు. మేడం సైన్సూ వచ్చేలా, ఆటలూ పోకుండా సర్ది పంపించారు. తండ్రి ముఖమూ వెలిగింది, కొడుకు ముఖమూ వెలిగింది. ఆ సర్దుబాటు వల్ల మధ్యాహ్నం లెక్కల పీరియడు పొద్దున్నకి జరిగి, నిద్రమొహాలకి పాఠం చెప్పాల్సి వచ్చింది మాత్రం నాకు.

ఇక నాకూ ఆవిడకీ అసలు గొడవ బెంచీ గురించి. పిల్లలకి ఫలానా సబ్జెక్టే కావాలని తల్లిదండ్రులు పట్టుబడితే మేడం వాదించరు. "సరేనండీ, అలాగే. ముందు ఆ క్లాసులో మీరొక పీరియడు కూర్చుని రండి, తర్వాత మాట్లాడుకుందాం" అంటారు. మన బళ్ళో అందరూ పట్టుబట్టేది మామూలు లెక్కల కంటే పై స్థాయిలో ఉండే పై లెక్కల కోసమే. పై లెక్కలు చెప్పేది నేనొక్కణ్ణే. అంటే ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలందరూ వచ్చి కూర్చున్నది నా ఆఖరి బెంచీలోనే.

ఒక కాంట్రాక్టరు గారైతే, మా అబ్బాయికి పై లెక్కలు ఇవ్వకపోతే బడే మార్పిస్తానని ఎగిరారు. సరే, వచ్చి కూర్చున్నారు. పాపం మోకాళ్ళు బల్ల కింద పట్టలేదు. నేను బోర్డు మీద రెండో లైను రాసేసరికి గురక. పిల్లలు లేపబోతే నేనే వద్దన్నాను. బెల్లు కొట్టాక ఉలిక్కిపడి లేచి, ఎవరి ముఖమూ చూడకుండా తిన్నగా మెట్ల కింద గదికి పోయి, "మామూలు లెక్కలు చాలండి మావాడికి" అన్నారట. అదిగో, మూడో వరుసలో ఉన్నారు. నమస్కారమండీ. ఇప్పుడు మేలుకునే ఉన్నారు, నాకదే పదివేలు. (నవ్వులు)

ఇంకొక తల్లి, టైలరు షాపు నడుపుతారు, ఒక పీరియడు కూర్చుని వెళ్ళి, మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. మీ పని మొన్ననే అయిపోయిందిగా అమ్మా అంటే, "నిన్న బెల్లు కొట్టారని లెక్క సగంలో ఆపేశారు మాస్టారూ, చివరికి ఏమైందో తెలీకపోతే నాకు కుట్టుపని సాగట్లేదు" అన్నారు. వాళ్ళమ్మాయి చివరికి సంగీతం తీసుకుంది. ఆవిడ మాత్రం ఇప్పటికీ బజారులో కనిపిస్తే నన్నాపి లెక్కలడుగుతారు.

వీళ్ళందరినీ భరించాను గానీ ఒక మామ్మగారిని భరించలేకపోయాను. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి వెళ్తే మనవరాలి తరఫున ఆవిడొచ్చారు. పీరియడంతా బుద్ధిగా కూర్చుని, వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "బాగా చెప్పావు నాయనా. కాకపోతే అంతా బోర్డుకే చెప్పావు. వెనక వీళ్ళు కూడా ఉన్నారు" అని వెళ్ళిపోయారు. పిల్లల ముందు! నాకు ఒళ్ళు మండిపోయింది. సరాసరి మేడం గదికి వెళ్ళి, ఈ బెంచీ పద్ధతి ఆపుతారా లేదా, నా క్లాసేమైనా సినిమా హాలా, వచ్చినవాళ్ళందరూ బాగుందనో బాగోలేదనో చెప్పిపోవడానికి అని కేకలేశాను. మేడం అంతా విన్నారు. "ఆగండి మాస్టారూ. మామ్మగారు అన్నది అబద్ధమా?" అన్నారు.

నేను విసవిసా వచ్చేశాను. కానీ ఆ మర్నాటి నుంచి పిల్లల వైపు తిరిగి నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. అందువల్ల బోర్డు మీద నా రాత వంకరపోయింది, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. స్టాఫ్ రూములో వారం నుంచి మీరందరూ చెవులు కొరుక్కుంటున్న విషయమే. సైన్సు మేడం, అలా కిందికి చూడకండి, మీరే మొదలుపెట్టారు. (నవ్వులు) మేడం ఈ సాయంత్రంతో రిటైరవుతున్నారు గానీ, ఆవిడ గదిలో ఒక్క పంచాయితీ తేలకుండా మిగిలిపోయింది. అది మా ఇంటిదే.

మా అమ్మాయి వచ్చే ఏడాది పదకొండులోకి వస్తుంది. పై లెక్కలు మానేసి చెక్కపని వర్క్‌షాపు తీసుకుంటానంది. ఇప్పుడు రెండూ చేస్తోంది గానీ పదకొండులో రెండూ ఒకే పీరియడులో ఉన్నాయి కాబట్టి ఏదో ఒకటే కుదురుతుంది. రేపు పొద్దున్న లోపల తేల్చెయ్యాలి. నేను ససేమిరా అన్నాను. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. "రోజంతా మొండి పేషెంట్లతో వేగి వస్తాను, ఇంటికొచ్చి మీ ఇద్దరితో వేగలేను. మేడం ఎలా అంటే అలా" అని చేతులు దులిపేసుకుంది.

అలా మొదటిసారి నేను బల్లకి ఇవతల కూర్చున్నాను. ఆ కుర్చీ అంత పల్లంగా ఉంటుందని ఇన్నేళ్ళూ నాకు తెలీదండీ. మా అమ్మాయి అవతల, మేడం పక్కన. మేడం దాన్ని అడిగారు, లెక్కలు కష్టంగా ఉన్నాయా అని. "లేదు మేడం, వస్తాయి. కానీ వర్క్‌షాపులో ఉంటే నాకు టైమే తెలీదు. నేను కుర్చీలూ బల్లలూ చెయ్యడం నేర్చుకుంటాను" అంది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. లెక్కలుంటే అన్ని దారులూ తెరిచి ఉంటాయి, చెక్కపని సెలవుల్లో చేసుకోవచ్చు, మార్కులు వచ్చే సబ్జెక్టు ఎవరైనా వదులుకుంటారా అని. మేడం ఒక్కొక్కటీ విని, మామూలు లెక్కలూ డ్రాయింగూ వర్క్‌షాపూ ఉంటే చెక్కసామాన్ల డిజైను నేర్పే కాలేజీలో సీటుకి చాలునని, అక్కడ పై లెక్కలు అడగరని నెమ్మదిగా చూపించారు. నా దగ్గర ఇంక వాదన మిగల్లేదు. అయినా ఒప్పుకోలేదు. అప్పుడు, ఇంకేముంది, "మీరొక పీరియడు వర్క్‌షాపులో కూర్చుని రండి మాస్టారూ" అన్నారు.

వెళ్ళాను. జుట్టు నిండా రంపపు పొట్టుతో, కళ్ళద్దాలు పెట్టుకుని, తనకంటే జానెడు పొడుగున్న కుర్రాణ్ణి "అలా పట్టుకుంటే వేళ్ళు పోతాయి, ఇలా తే" అని గదమాయిస్తోంది ఒక పిల్ల. ఇంట్లో ఏమడిగినా ఊ, ఊహూ తప్ప మూడో మాట రాని మా అమ్మాయి! అక్కడ దాని నోరు ఒక్క క్షణం ఆగలేదు. తను చేసిన స్టూలు మీద నన్ను కూర్చోమంది. అది కాస్త ఊగింది, నేనూ ఊగాను. "ఇంకా పూర్తి కాలేదు నాన్నా, కదలకండి" అంది. కదలకుండా పీరియడంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

చూసొచ్చి కూడా కుదరదనే అన్నాను. మేడం అమ్మాయిని బయటికి పంపించి, "మాస్టారూ, ఒక్కటి చెప్పండి. మీ అమ్మాయి పై లెక్కలు మానేస్తే నష్టం ఎవరికి?" అన్నారు. దానికే కదండీ అన్నాను. పైన బెల్లు కొట్టారు, పిల్లలు దిగారు, చప్పుడు అయిపోయింది. అప్పటికీ ఆవిడ ఏమీ అనలేదు. నేనే లేచి వచ్చేశాను.

(మేడం వైపు తిరిగి)

మేడం గారూ, నష్టం నాకేనండీ. పొద్దున్న అది లేచేసరికి నేను బయల్దేరిపోతాను. సాయంత్రం అయితే దాని గది తలుపు వేసి ఉంటుంది. చిన్నప్పుడు నా చొక్కా పట్టుకుని వదిలేది కాదు, ఇప్పుడు దాని వయసు అలాంటిది, తప్పేం కాదు, నాకు తెలుసు. కానీ రోజు మొత్తం మీద అది నా వైపు చూసి తీరాల్సిన సమయం ఒక్కటే, లెక్కల పీరియడు. రెండో బెంచీ, కిటికీ పక్కన. అర్థమైందా అని క్లాసందరినీ అడుగుతాను గానీ, నేను చూసేది అటే. అర్థమైతే దాని కుడి కనుబొమ్మ కొంచెం పైకి లేస్తుంది, ఆ సంగతి వాళ్ళమ్మకి కూడా తెలీదు. ఆ పీరియడు పోతుందని నాకు బెంగ. అంతకుమించి నా దగ్గర ఏ కారణమూ లేదు. మీకిది మొదటి రోజే తెలుసు, నా నోటితో అనిపిద్దామని ఊరుకున్నారు. రేపట్నుంచి మీరు మెట్ల కింద ఉండరంటే, నన్ను ఆగమని ఎవరంటారా అని దిగులుగా ఉంది. మీరు ఆరోగ్యంగా, హాయిగా ఉండాలి. ఇంట్లో మాత్రం పొద్దున్నే పాలవాణ్ణి ఆగండి అనకండి, నిజంగానే ఆగిపోతాడు. (నవ్వులు)

ఇదిగో, ఆవిడ ఇంకా ఉద్యోగంలో ఉండగానే అందరి ముందూ చెబుతున్నాను. ఒప్పుకుంటున్నాను. వర్క్‌షాపే.

(చప్పట్లు. మేడం కుర్చీలోంచి ఏదో అన్నారు.)

నాకు చెప్పి ఏం లాభం, అమ్మాయికి చెప్పండి అంటున్నారు. నిజమే. అమ్మలూ, నువ్వా స్తంభం వెనక దాక్కోకు, చెయ్యి కనబడుతూనే ఉంది. వర్క్‌షాపు తీసుకో తల్లీ. సంతోషంగా తీసుకో. ఒక్కటే అడుగుతాను. రోజూ నువ్వు ముందు గేటు నుంచి, నేను వెనక గేటు నుంచి, వేరువేరుగా బయల్దేరి ఒకే ఇంటికి పోతున్నాం. ఇకనుంచి సాయంత్రాలు కలిసి నడుద్దాం. లెక్కల ఊసెత్తను. నీ స్నేహితులు ఎదురొస్తే ఎవరో దారినపోయే పెద్దమనిషిలా పక్కకి తప్పుకుంటాను. నడుస్తావా?

(వెనక నుంచి ఒక మాట. హాలంతా నవ్వులు.)

ఏమంది? నాకు వినబడలేదు. హెడ్‌మాస్టారు గారూ, మీకు వినబడిందా? ఏంటీ... ఈ ఉపన్యాసం త్వరగా ముగిస్తే ఇవాళ్టి నుంచే నడుస్తుందా?

అయితే అధ్యక్షుల వారికి, కమిటీ పెద్దలకు, మీ అందరికీ, అందరికంటే ముందు మా మేడం గారికి, కలిపి ఒకేసారి ధన్యవాదాలు. రాసుకొచ్చిన మిగతా రెండు పేజీలు చదవను, ఏమీ అనుకోకండి. మా అమ్మాయి అప్పుడే బ్యాగు భుజానికి తగిలించుకుంటోంది. సెలవు.