బోల్టు మీది నంబరు

నాటకంలో దొంగ వేషం వేసే అతను, అందులో వాడే పాత తుపాకీ వయసు కరపత్రంలో వేయిద్దామని దాన్ని తుపాకులు మరమ్మతు చేసే తాత దగ్గరికి తెచ్చాడు.

"వందేళ్లుంటాయా తాతా?"

"ఉంటాయి. ఈ ముద్ర చూడు, తూటాని పేల్చే సూది కోసేసి బొమ్మగా మార్చారని గుర్తు."

"అందుకేగా నాటకానికి వాడుతున్నాం!"

"ఆగాగు. గొట్టం మీద ఒక నంబరు, సూది ఉండే ఈ బోల్టు మీద ఇంకో నంబరు. రెండూ ఒకటే ఉండాలి."

"అయితే?"

"ఈ బోల్టు వేరే తుపాకీది. దీని సూది నిక్షేపంగా ఉంది. తూటా పెడితే పేలుతుంది నాయనా!"

అతను గబుక్కున తుపాకీకి దూరంగా జరిగాడు.

"ఎవరి చేతికైనా ఇచ్చావా?"

"మా బావకి. నూనె పెట్టించుకొస్తానని పోయిన వారం పట్టుకెళ్లాడు."

"నాటకంలో కాల్చేదెవరు?"

"బావే. ఈసారి ఆ వేషం తనకే కావాలని పట్టుబట్టాడు."

"కాల్చేది ఎవర్ని?"

అతని చెయ్యి తనకు తెలియకుండానే గుండె మీదికి వెళ్లింది.