నీలం తలుపు

మళ్ళీ గీయాలా మేడమ్? ఇది మూడోసారి. అరవై ఏళ్ళవాడి చేత బొమ్మలు గీయించే ఆఫీసు మీదొక్కటే అనుకుంటా. నేను కథలు రాసుకునేవాణ్ణి మహాప్రభో, నాకు గీత తిన్నగా రాదు!

సరే, ఆ పెన్సిలివ్వండి. నేను ఆ దేశం వాణ్ణో కాదో మా వీధి గీస్తేనే తేలుతుందంటే, గీయక ఛస్తానా?

ఇదిగో మలుపు. మలుపులో రొట్టెల బట్టీ. దాని యజమానికి చెవుడు, పెళ్ళాం పిలిచినప్పుడు మాత్రమే. ఎదురుగా పంతులమ్మ ఇల్లు. ఆవిడ కిటికీలోంచి తొంగి చూస్తే గానీ మా వీధిలో పొద్దు పొడిచేది కాదు. బట్టీ పక్కన గడియారాల తాతయ్య కొట్టు. ఏ రెండు గడియారాలూ ఒకే టైము చెప్పవు. అడిగితే, "నీకు నచ్చింది పట్టుకుపోరా అబ్బాయ్" అనేవాడు.

నవ్వారా? నవ్వండి. ఇవన్నీ నా పుస్తకంలోవే. వీధి వీధంతా నవ్వింది, ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళ పేజీ చదివి.

ఏమిటీ? బట్టీకీ గడియారాల కొట్టుకీ మధ్యా? ఏముంటుంది, గోడ.

ఆ ఫొటో ఎక్కడ సంపాదించారు?

అవును. తలుపుంది. నీలం తలుపు. దర్జీ కొట్టు. మరిచిపోయానని రాసుకోండి, వయసైపోయింది కదా... వద్దు, ఆగండి.

ఆ దర్జీ మా బావ. మా అక్క మొగుడు. జైల్లో ఉన్నవాళ్ళ ఉత్తరాలు కోటు లోపలి లైనింగులో పెట్టి కుట్టేవాడు. కోటు తొడుక్కున్నవాడు సరిహద్దు దాటాక ఆ కుట్టు విప్పుకునేవాడు. వీధిలో అందరికీ తెలుసు, పోలీసులకి తప్ప. నేనేమో నోరు ఊరుకోక దాని మీద ఓ పేజీ రాశాను. హాస్యానికే! పోలీసులు కూడా పుస్తకాలు చదువుతారని ఎవరికి తెలుసండీ?

కొట్లో ఉన్న కోట్లన్నీ చీల్చారు. మా బావ కత్తెరతోనే. పదకొండింటిలో ఉత్తరాలు దొరికాయి. బావని తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు.

బావ నా కొలతకి కుట్టి ఇంట్లో దాచిన కోటు అక్క ఆ సాయంత్రం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "చలిగా ఉంది. వేసుకుని పోరా" అంది. అంతే.

పుస్తకం రాసినందుకు పోలీసులు నా ఇంటి మీద పడ్డారని, ఆశ్రయం కోరుతూ మీకిచ్చిన కాగితంలో రాశాను కదా? అబద్ధం. నా తలుపు ఒక్కడూ తట్టలేదు. ఎందుకు తడతారు? నాలాంటివాడు వీధికొకడుంటే వాళ్ళకి వేగులవాళ్ళతో పనేముంది?

రాసుకున్నారా? రాసుకోండి. వెనక్కి పంపేస్తారంటే మీ ఇష్టం.

ఈ కోటా? అదే. ఐదేళ్ళయింది. కూర్చున్నప్పుడల్లా లోపల కాగితం చప్పుడవుతుంది. బావ రాశాడో, అక్క రాసిందో. ఊరందరి గుట్టూ విప్పినవాణ్ణి, ఈ కుట్టు మాత్రం విప్పలేదు.

పెన్సిలు మొన విరిగింది మేడమ్. ఇంకోటివ్వండి. నీలం ఉందా?