ఏడో షరతు

ఆగస్టు నెల. దోహాలోని అల్ తుమామాలో బాస్కెట్‌బాల్ క్లబ్బు ఆటగాళ్ళు ఉండే ఇంట్లో, వంటమనిషి రామసుబ్బమ్మ జహంగీర్ పెట్టె సర్దుతోంది. క్లబ్బు బస్సు నడిపే తిమ్మప్ప గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"అప్పుడే సర్దొద్దక్కా. ఇంకా పన్నెండు కాలేదు."

"పన్నెండు కాకపోతే గుడ్డలు మడత పడవా? పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డం."

"పోతాడో లేదో తెలీకుండా..."

"పోతాడు. పోవాల. ఈ బూట్లు చూడు తిమ్మప్పా, ఒక్కోదాంట్లో కోడిపెట్ట పొదగొచ్చు."

"ఆ బూట్లేసుకొని పోయినేడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడినాడో తెల్సా? నాలుగు. మిగతావన్నీ బెంచీ మీద కూచున్నాడు."

"కూచోబెట్టేదానికి అంత పొడుగు మనిషెందుకు? నన్ను కూచోబెట్టింటే సరిపోయేది. నేనైతే బాగా కూచుంటా."

జహంగీర్ ఇరాన్ వాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాలు. రామసుబ్బమ్మ అతన్ని ఎదురుగా పేరు పెట్టీ, చాటున నిట్రాడు అనీ పిలుస్తుంది. వయసు ముప్పై మూడు. ఇంకొక్క కాంట్రాక్టుకు మించి మోకాళ్ళు ఒప్పుకోవని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. ఆ ఒక్కటీ లుసైల్‌లో ఇంకో క్లబ్బు ఇస్తానంది. బెంచీ మీద కూర్చోబెట్టం, ఆడిస్తామంది. ఇక్కడి మేనేజరు ఈ మధ్యాహ్నం పన్నెండులోపు ఏమీ అనకపోతే జహంగీర్ పోవచ్చు. అతను పైగదిలో ఫోను ముందు పెట్టుకొని కూర్చున్నాడు.

"నాకింకోసారి చెప్పు. ఇక్కడి కాంట్రాక్టు అయిపోయింది కదా. అయిపోయినాక పోయేదానికి వీళ్ళనడగడం దేనికి?"

"రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అంటారక్కా. అమెరికా ఆటలో ఉండే పద్ధతి, మనోళ్ళు తెచ్చి ఈయన కాంట్రాక్టులో ఇరికించినారు. ఫ్రీయే. యాడికైనా పోవచ్చు. కానీ అవతలోళ్ళు ఏమేమిస్తామని రాస్తారో, అదంతా మేమూ ఇస్తామని మనోళ్ళు మూడు దినాల్లో చెప్తే చాలు. ఇక్కడే ఉండాల. కాదనేదానికి లేదు."

"గేటు తెరిచి కాలికి తాడు కట్టినట్టు."

"అంతే."

"వీసా ఇచ్చిన పాత కఫీలు సంతకం లేకుండానే పనోళ్ళు ఇప్పుడు ఇల్లు మారొచ్చంట కదా. గిన్నెలు తోమే నాకుండేది, అంత మగోడికి లేదా?"

"నీకు బంతి వేసేది రాదు కాబట్టి బతికిపోతివి."

తిమ్మప్ప నడిపేది బస్సే గానీ, వెనక సీట్లలో మేనేజరూ ఏజెంట్లూ మాట్లాడుకునేదంతా ఆయన చెవుల్లోకే వస్తుంది. ఎవరెంత రాసినా మేమూ అంత ఇస్తామని మేనేజరు ఏప్రిల్ నుంచే ఊరంతా చాటించాడట. అది విని రెండు క్లబ్బులు మూతి ముడుచుకొని తప్పుకున్నాయట. ఎలాగూ దక్కని మనిషి కోసం మూడు రోజులు సొమ్ము కట్టిపెట్టుకొని కూర్చోవడం ఎందుకని. లుసైల్ వాళ్ళు తప్పుకోలేదు. మేనేజరుకు మింగుడుపడని ముద్ద ఒకటి కలిపి పెట్టారు. జీతం, ఇల్లు, కారు వగైరా ఆరు షరతులు. ఏడోది రామసుబ్బమ్మ. సీజనంతా ఆమె జహంగీర్ ఒక్కడికే వండాలి. ఆమెకు ఏడాదికి నెల సెలవూ, రానుపోను టిక్కెట్టూ. ఆట మొదలయ్యే రోజు నుంచీ ఆమె ఇంట్లో ఉండి తీరాలి.

"ఈ పాడు ఆలోచన ఎవురిదో నాకు తెలీదనుకోవద్దు."

"ఏజెంటే అడిగినాడక్కా. మీ మేనేజరు వదులుకోలేనిది ఏముండాది ఈ క్లబ్బులో అని. మా అక్క దినామూ ఆయనకు పంపే క్యారియరు అంటి."

"నా పాస్‌పోర్టు నంబరు గూడా రాసినారంట."

"ఫొటో నా ఫోన్లో ఉండాది. అప్పుడు వీసా పనికి పంపింటివి కదా."

"అడక్కుండానే ఇస్తివా?"

"అడిగింటే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్నే. నాలుగు తిట్టి ఇచ్చేదాన్ని."

"అందుకే అడగలా. క్యారియరు పోతాదంటే ఆయన సంతకం పెట్టడక్కా. నువ్వొక్కడికే వండితే మిగతా నలుగురు ఆటగాళ్ళూ ఇల్లు పీకి పందిరేస్తారు. అది వేరే."

"ఇరానోడికి సంగటి అలవాటు చేసింది నేను. ఆ మేనేజరుకు ఉలవచారు అలవాటు చేసింది నేను. కడాకు నన్నే ఆటలో బంతి చేస్తిరి."

పన్నెండుకు ఆరు నిమిషాలు ఉందనగా తిమ్మప్ప ఫోను మోగింది. ఆయన వరండాలోకి నడిచి, మూడుసార్లు సరేనని, లోపలికి వచ్చాడు.

"ఎవురు?"

"మేనేజరు."

"ఏమంటాడు?"

"బస్సు తియ్యొద్దంట."

"ఎందుకు?"

"ఎండ జాస్తిగా ఉండాదంట."

"తిమ్మప్పా."

"సంతకం పెట్టేసినాడక్కా. ఏడుకు ఏడూ."

"ఏడోది గూడానా?"

"ఏడోది గూడా. రేపట్నుంచి క్యారియరు వద్దన్నాడు. హోటలు నుంచి తెప్పించుకుంటాడంట."

"నా ఉలవచారు వదులుకునేసినాడా? ఆ పొట్టేసుకొని?"

"మనిషి లుసైలుకు పోకుంటే చాలంట. ఆడించేది మాత్రం లేదంట. మళ్ళా బెంచీనే. రెండేండ్లు."

పైగదిలో ఏదో కిందపడిన చప్పుడైంది. రామసుబ్బమ్మ చేతిలో చొక్కాను విప్పి, మళ్ళీ అలాగే మడత పెట్టింది.

"ఏడిట్లో ఒకటి తప్పితే?"

"అంటే?"

"ఇస్తామని సంతకం పెట్టి, ఒకటి ఇయ్యలేకపోతే."

"అప్పుడు ఆ సంతకం చెల్లదు. లుసైలోళ్ళ కాగితమే నిలుస్తాది, ఈయన పోవచ్చు. ఏజెంటు బస్సులో అదే చెప్తాండె. అయినా వీళ్ళేం తప్పుతారులే, డబ్బుకేం తక్కువ?"

"డబ్బు మాట కాదు. ఆట మొదలయ్యే దినానికి వంటమనిషి ఇంట్లో లేకపోతే?"

"యాడికి పోతాది?"

"సెలవు మీద. రాసినారు కదా, నెల."

"సెలవు మీద పోయినోళ్ళు తిరిగొస్తారక్కా."

"రాకపోతే?"

"ఇంకొక వంటమనిషిని పెట్టుకుంటారు."

"నా పేరుండాది. నా నంబరుండాది. ఫొటో పంపింది నువ్వే."

తిమ్మప్ప మొదట నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నేనేదో మాటవరసకు అంటినక్కా. నీకు యాభై ఆరు. ఈ వీసా పోతే ఈ వయసులో మళ్ళా ఎవురిస్తారు?"

"ఎవురూ ఇయ్యరు."

"పదకొండేండ్లుగా చేసుకుంటాండే పని..."

"ఆ పదకొండేండ్లలో తొమ్మిదిమందికి పెట్టె సర్దినా తిమ్మప్పా. తొమ్మిదిమందీ మళ్ళా వచ్చి చూసిపోతామన్నోళ్ళే. ఒక్కడన్నా వచ్చినాడా? వాళ్ళ తప్పు కాదులే, వాళ్ళ పనులు వాళ్ళకుంటాయి. కానీ ప్రతిసారీ గేటుకాడ నిలబడి చెయ్యూపేది నేను. లోపలికొచ్చి వాళ్ళ ప్లేటు ఎత్తి పైన పెట్టేది నేను. ఇది మాత్రం అట్లా గూడా కాదు. ఈయన పోనూ లేడు, ఆడనూ లేడు. రెండేండ్లు ఆ మొగం ముందర ముద్ద పెట్టేది నా వల్ల కాదు."

"ఆయన ఆడితే నీకేమొస్తాది?"

"ఏమొస్తాది? టీవీలో వస్తాడు."

"మీ రాజంపేటలో ఆ ఛానెల్ రాదు."

"రాకుంటే పోయె."

"మరి నా సంగతేంది?"

"నీ సంగతేముండాది?"

"అంటే... దినామూ ఈడ తింటాండా కదా. నాకెవురు పెడతారు?"

"నీకు ఏడో షరతు ఎవురన్నా రాసినారా?"

"ఎగతాళి చేయొద్దక్కా."

"ఎగతాళి కాదబ్బీ. ఆ సెలవు కాగితం ఎప్పుడు పెట్టుకోవాలో కనుక్కో. నెల అని గట్టిగా చెప్పు. మళ్ళా వస్తాదంట అని చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతారు."

"నేను చెప్పను."

"చెప్తావులే. ఎయిర్‌పోర్టుకు బస్సు గూడా నువ్వే తేవాల."

ఆయన చెప్పాడు. బస్సూ తెచ్చాడు. ఆట మొదలైన నాలుగు రోజులకు, అక్టోబరు తొమ్మిదిన, జహంగీర్ లుసైల్ క్లబ్బు తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. సెప్టెంబరు నాలుగో తేదీన నెల సెలవు మీద పోయిన రామసుబ్బమ్మ మళ్ళీ దోహాకు రాలేదు.